అయిదు తీగెలు – రెండు యంత్రాలు – ఒక కుటుంబం



ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. నేను వేములవాడ వాణ్ణి కాబట్టి రాజన్న గుడి గురించో, వేములవాడ చాళుక్యుల గురించో, అరికేసరి ఆస్థానంలో ఉన్న పంపకవి గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. వాటి గురించి సాధికారంగా రాయగల పండితులు మనలోనే ఉన్నారు. నేను ఒక మామూలు గుమస్తాను. 1973లో ఉద్యోగంలో చేరి, 2009లో 58 ఏళ్ళు నిండి ఇంటికి వచ్చినవాణ్ణి. నా కళ్ళ ముందు నడిచిన ఒక చిన్న చరిత్ర మాత్రమే నాకు తెలుసు. అది కంప్యూటర్లది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి మనవాళ్ళు ఇంట్లో కూర్చుని చేసుకున్న తీగెలది.

"పెన్షనర్లకు ఈ తీగెల గోల ఎందుకయ్యా" అని కొందరైనా అనుకోవచ్చు. చివరిదాకా చదవమని మనవి. ఇది జి.పి.ఎఫ్. లెక్కతోనే ముగుస్తుంది.

కంప్యూటరు మనదాకా వచ్చిన దారి

హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1967లో ఏర్పడింది. దానికి ఆద్యులు మన తెలుగువారే అయిన అయ్యగారి సాంబశివరావుగారు. ఏ.ఎస్. రావు నగర్ అని మనం పిలుచుకునే కాలనీకి ఆయన పేరే పెట్టారు. ఆ సంస్థ 1969లో టి.డి.సి.–12 అనే కంప్యూటరును తయారు చేసింది. బీరువాలంత ఉండే అలాంటి యంత్రాలు పెద్ద పెద్ద సంస్థలకే తప్ప మన తాలూకా ఆఫీసులకు వచ్చేవి కావు. మనకు అప్పుడు లెక్కల యంత్రం అంటే పెద్ద గుమస్తాగారి బుర్రే!

ఇంట్లో బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లు 1970ల చివర్లో రావడం మొదలుపెట్టాయి. ఇంగ్లండులో ఏకార్న్ అనే కంపెనీ అక్కడి రేడియో–టీవీ సంస్థ బి.బి.సి. కోసం 1981 డిసెంబరులో ఒక యంత్రం తెచ్చింది. దాని పేరే బి.బి.సి. మైక్రో. మరుసటి ఏడాది, 1982లో, సింక్లేర్ కంపెనీ స్పెక్ట్రం అనే ఇంకా చిన్న యంత్రాన్ని తెచ్చింది. దానికి ఇంట్లో ఉన్న టీవీయే తెర. మామూలు టేపురికార్డరు క్యాసెట్టే దాని బీరువా. పుణెలోని డెసిబెల్స్ అనే కంపెనీ 1986లో లైసెన్సు తీసుకుని ఈ స్పెక్ట్రంను మన దేశంలో అమ్మింది.

ఇక బి.బి.సి. మైక్రో మన దేశంలోకి బడి పిల్లల కోసం వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1984–85లో "క్లాస్" అనే పథకం పెట్టి, మొదటి విడతలో 250 ఉన్నత పాఠశాలలకు ఈ యంత్రాలు ఇచ్చింది. తర్వాత తర్వాత మరికొన్ని బళ్ళకు వచ్చాయి. అలా వచ్చినదే మా ప్రాంతంలోని ఒక బడికి కూడా చేరింది. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మనుమల చేతిలోని ఫోనులో దిగే ఒక్క ఫొటోకు కూడా ఆ చోటు చాలదు. ఆ రోజుల్లో మాకు అదే మహా అద్భుతం. చెప్పులు గది బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం.

తీగెకు ఎందుకంత ప్రాధాన్యం

ఈ యంత్రాలతో ఒక పెద్ద చిక్కు ఉండేది. ఒక కంపెనీ యంత్రం రాసింది ఇంకో కంపెనీ యంత్రం చదవలేదు. ఉర్దూ మాత్రమే వచ్చిన పాత పట్వారీ దస్త్రాన్ని తెలుగు మాత్రమే వచ్చిన గుమస్తా ముందు పెట్టినట్లు ఉండేది. ఫ్లాపీలు రెండూ చూడడానికి ఒకే కొలతలో ఉన్నా, బి.బి.సి. రాసే పద్ధతి వేరు, ఐ.బి.ఎం. తరహా పి.సి. రాసే పద్ధతి వేరు. ఫ్లాపీ తీసి ఇందులో పెడితే అందులోది కనబడేది కాదు.

అయితే రెండింటికీ తెలిసిన ఒక ఉమ్మడి భాష ఉండేది. దాని మూలం టెలిప్రింటర్ల కాలం నాటిది. ఒక తీగె మీద ఒక అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా, ఒకదాని వెనుక ఒకటి పంపడమే ఆ పద్ధతి. అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో దీనికి ఆర్.ఎస్.–232 అనే ప్రమాణం పెట్టింది. తీగెలో ధన విద్యుత్తు ఉంటే సున్నా అని, రుణ విద్యుత్తు ఉంటే ఒకటి అని లెక్క. పి.సి. వెనకాల 25 పిన్నులతో ఉండే వెడల్పాటి సాకెట్టు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ 25లో నిజంగా పని చేసేవి కొన్నే. రెండో పిన్ను నోరు. మూడో పిన్ను చెవి. ఏడోది ఇద్దరికీ ఉమ్మడి నేల.

ఈ ప్రమాణం కంప్యూటరును మోడెంతో కలపడానికి పెట్టింది. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపితే రెండూ రెండో పిన్ను మీదే మాట్లాడతాయి, మూడో పిన్ను మీదే వింటాయి. నోటికి నోరు, చెవికి చెవి పెట్టుకుంటే మాట ఎలా అందుతుంది? అందుకని తీగెలను అడ్డంగా మార్చి, ఒకదాని నోరు ఇంకొకదాని చెవికి కలపాలి. ఇంతే రహస్యం. ఈ మార్పిడి తీగెనే నల్ మోడెం కేబులు అన్నారు. సోల్డరింగు ఐరను పట్టడం వచ్చిన ఏ రేడియో మెకానిక్కు అయినా అరగంట పని.

స్పెక్ట్రం వాళ్ళది ఇంకా చవక. ఆ కంపెనీ 1983లో తెచ్చిన ఒక అదనపు పెట్టెను తగిలిస్తే, టేపురికార్డరుకు వాడే చిన్న జాక్ పిన్నుల తీగెతోనే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వరుసగా కలుపుకుంటూ పోవచ్చు. అలా 64 యంత్రాల దాకా కలపవచ్చు. తర్వాత పి.సి.ల కాలంలో 1993లో వచ్చిన ఎం.ఎస్. డాస్ ఆరో రూపంలో ఇలాంటి తీగెతో రెండు కంప్యూటర్లను కలిపే ప్రోగ్రామును వాళ్ళే జత చేసి ఇచ్చారు. అంటే, అంతవరకు కుర్రవాళ్ళు ఇళ్ళలో చేసుకున్న పనికి కంపెనీ ముద్ర పడిందన్నమాట.

మా పెద్దాయన లెక్క

ఇక అసలు విషయానికి వస్తాను. మా ఆఫీసులో నాకంటే పన్నెండేళ్ళు సీనియర్ ఒకాయన ఉండేవారు. పేరు రాయను. ఆయనను నేను అన్నా అని పిలిచేవాణ్ణి. చేతిరాత ముత్యాల్లా ఉండేది. కొత్త విద్య అంటే చెవి కోసుకునేవారు. 1988లో, యాభైకి దగ్గరపడుతున్న వయసులో, బడిలో కంప్యూటరు చూసే మాస్టారు దగ్గరికి సాయంత్రం పూట వెళ్ళి బేసిక్ నేర్చుకున్నారు. మేమంతా నవ్వాం. "అన్నా, రిటైరయినంక బడిల చేరుతవా?" అని ఏడిపించేవాణ్ణి.

ఆయన నేర్చుకుని ఊరుకోలేదు. మా ఆఫీసులో ముప్పై మంది సిబ్బంది జి.పి.ఎఫ్. చందాలను నెలవారీగా అందులో ఎక్కించడం మొదలుపెట్టారు. ఏ నెల, ఎంత చందా, ట్రెజరీ వోచరు నంబరు ఎంత, తేదీ ఏది అన్నవన్నీ ఎక్కించారు. అయిదేళ్ళలో సుమారు 1,800 పద్దులు అయ్యాయి. "కాయిదం తడుస్తది, చెద పడుతది, ఇది పోదు" అనేవారు.

1991 వానాకాలంలో మా ఆఫీసు ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మారింది. రికార్డు కట్టలు మోయించే పని నాది. లోపల అలమరాలు బిగించలేదని కొన్ని కట్టలను రెండు రోజులు వరండాలో పెట్టించాను. ఆ రాత్రి వాన పడింది. తడిసిన కట్టల్లో బిల్లుల ఆఫీసు కాపీలు, చందా షెడ్యూళ్ళు ఉన్నాయి. ఎండలో ఆరబెట్టాం. సిరా కారిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆయన మాత్రం భుజం తట్టి, "పోనీ తియ్, మనకు కంప్యూటర్ల ఉన్నది" అన్నారు.

1993లో ఆయన ఉద్యోగంలో ఉండగానే గుండెపోటుతో పోయారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్ళు. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి సంబంధం ఖాయమై ఉంది. జి.పి.ఎఫ్. తుది చెల్లింపుకు కాగితాలు పంపితే, పదకొండు నెలల చందా ఖాతాలో జమ పడలేదని తేలింది. ఇది ఎవరి తప్పని చెప్పను. వేల షెడ్యూళ్ళు ఊళ్ళు తిరిగే రోజుల్లో అలా ఎన్నో జరిగేవి. వోచరు నంబరు, తేదీ చూపిస్తే వెతికి జమ చేసే పద్ధతి ఉంది. కాని ఆ నంబర్లున్న మా ఆఫీసు కాపీలు నేను వానలో పెట్టించిన కట్టల్లో ఉన్నాయి.

పెద్దకర్మ అయిన తర్వాత వదినె నన్ను పిలిపించింది. "తమ్మీ, మీ అన్న ఎప్పుడు చూసినా ఆ బడి కంప్యూటర్ల అన్నీ రాసిపెట్టిన అంటుండె. అది జర చూస్తవా? పిల్ల పెండ్లి ఆ పైసల మీదనే ఉన్నది" అన్నది. నేను తలొంచుకుని సరే అన్నాను. కట్టల సంగతి ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు.

మేనల్లుడి కేబులు

బడికి వెళ్ళి చూస్తే ఆ కంప్యూటరు మీద బట్ట కప్పి ఉంది. నేర్పిన మాస్టారు బదిలీ అయిపోయారు. తెర కాలిపోయి ఏడాది అయిందట. ప్రింటరూ లేదు, దాని కేబులూ లేదు. యంత్రాన్ని టీవీకి తగిలించే వీలు ఉంది గాని, మా ఊళ్ళో ఉన్న నలుపు–తెలుపు టీవీలు ఆ ఛానెలును అందుకునేవి కావు. ఆయన ఫ్లాపీ మాత్రం హెడ్మాస్టరుగారి బీరువాలో భద్రంగా ఉంది. మీద ఆయన ముత్యాల అక్షరాలు. ఆ ఫ్లాపీని మా ఊళ్ళోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా వచ్చిన పి.సి.లో పెట్టి చూశాం. చదవలేదు. ఎందుకు చదవలేదో పైన చెప్పాను.

మా మేనల్లుడు ఐ.టి.ఐ. చదివి రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. వాణ్ణి తీసుకువెళ్ళాను. వాడు స్విచ్చి వేశాడు. "బూఁ" అని, వెంటనే "బీప్" అని శబ్దం వచ్చింది. వాడి ముఖం వెలిగిపోయింది. "మామా, తెర సచ్చింది గని మిషిను బతికే ఉన్నది. దీనికి వేరే తెర కావాలె. ఆ పి.సి.నే దీనికి తెర చేద్దాం" అన్నాడు.

యంత్రంతో వచ్చిన లావుపాటి పుస్తకం చివర, వెనకవైపు సాకెట్ల బొమ్మలు ఉన్నాయి. తీగెతో మాట్లాడే సాకెట్టుకు అయిదు రంధ్రాలు, పాచిక మీది అయిదు చుక్కల్లా ఉన్నాయి. అలాంటి ప్లగ్గు కోసం వాడు హైదరాబాదు వెళ్ళి కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగాడు. 25 పిన్నుల ప్లగ్గు దొరికింది. ఈ అయిదు పిన్నులది దొరకలేదు. చివరికి పాత టేపురికార్డరు ప్లగ్గులోంచి పిన్నులు ఊడదీసి, ఆ అయిదు రంధ్రాల్లో గుచ్చి, చుట్టూ ప్లాస్టిక్ కాగితం పరచి, ఎం–సీల్ ముద్ద పెట్టి అచ్చు తీశాడు. తెల్లారేసరికి గట్టిపడింది. అదే మా ప్లగ్గు!

తర్వాత టెలిఫోను తీగె ముక్కతో పని మొదలైంది. బి.బి.సి. నోటిని పి.సి. మూడో పిన్నుకు కలిపాడు. పి.సి. రెండో పిన్నును బి.బి.సి. చెవికి కలిపాడు. నేలను ఏడో పిన్నుకు కలిపాడు. "పంపనా?", "పంపు" అని ఒకదానినొకటి అడిగే తీగెలను కూడా అడ్డంగా మార్చాడు. పి.సి. వైపు 6, 8, 20 పిన్నులను ఒక చిన్న తీగెతో కలిపి ముడి వేశాడు. అవతల యంత్రం సిద్ధంగా ఉందని పి.సి.ని నమ్మించడానికి అలా చేయాలట. ప్రతి అతుకునూ బ్యాటరీ, టార్చి బల్బుతో పరీక్షించాడు. మన సిరిసిల్ల నేతన్న తెగిన పడుగు దారాన్ని ఎంత జాగ్రత్తగా అతుకుతాడో అంత జాగ్రత్తగా అతికాడు.

ఆ సాయంత్రం

హెడ్మాస్టరుగారికి రసీదు రాసిచ్చి, యంత్రాన్నీ ఫ్లాపీ డ్రైవునూ దుప్పట్లో చుట్టి, రిక్షాలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు తెచ్చాం. క్లాసులు అయిపోయిన తర్వాత రాత్రి ఏడు గంటలకు మొదలుపెట్టాం. పి.సి.లో మేనల్లుడు మాన్యువల్ చూసి పదిహేను ఇరవై వరుసల ప్రోగ్రాము రాశాడు. తీగె మీద ఏది వస్తే అది తెర మీద చూపి, ఫైలులో దాచడమే దాని పని. వేగం 1200 బాడ్. అంటే సెకనుకు సుమారు 120 అక్షరాలు.

బి.బి.సి. వైపు తెర లేదు కదా. పుస్తకంలో ఉన్న ఆజ్ఞలను చూసుకుంటూ గుడ్డిగా టైపు చేయాలి. ముందు వేగం చెప్పే ఆజ్ఞ, తర్వాత "తెర మీదికి పోయేదంతా తీగె మీదికి కూడా పంపు" అనే ఆజ్ఞ. నేను టైపు హయ్యరు పాసైనవాణ్ణి. చూడకుండా కొట్టడం నా వృత్తి. ఆ పని నాకు అప్పగించారు.

కొట్టాను. పి.సి. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాను. ఏమీ లేదు. గంటసేపు అతుకులన్నీ చూశాడు. చివరికి వాడే నెత్తి కొట్టుకున్నాడు. ఆ అయిదు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా సాకెట్టులోకి ఎక్కుతుంది. మేము తలకిందులుగా పెట్టాం! తీసి తిప్పి పెట్టాడు. ఇన్‌స్టిట్యూట్‌లోని సరస్వతీదేవి పటం దగ్గర కుంకుమ తీసి, పై వైపు గుర్తుగా ప్లగ్గుకు బొట్టు పెట్టాడు.

ఈసారి అక్షరాలు వచ్చాయి. కాని అన్నీ పిచ్చి గుర్తులు. వేగం ఆజ్ఞలో నేను ఒక అంకె తప్పు కొట్టాను. యంత్రం ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ మొదటినుంచి కొట్టాను. ఫ్లాపీ మీద రాసి ఉన్న ప్రోగ్రాము పేరు కొట్టాను. డ్రైవు గరగరలాడింది. పి.సి. తెర మీద మెల్లగా, టెలిగ్రాం వచ్చినట్లు ఒక్కో వరుస పడింది. ఆయన తన ప్రోగ్రాముకు పెట్టుకున్న స్వాగత వాక్యం, కింద ఆయన పొడి అక్షరాలు, దాని కింద "మీకు ఏ ఉద్యోగి లెక్క కావాలి" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ప్రశ్న.

నాకు నోట మాట రాలేదు. మేనల్లుడు "మామా, కొట్టు" అన్నాడు. "అందరివి" అని కొట్టాను. 1,800 పద్దులు రావడానికి ఆరు నిమిషాలకు పైగా పట్టింది. ఎవరం మాట్లాడలేదు.

మరునాడు ఇన్‌స్టిట్యూట్ ప్రింటరు మీద అచ్చు తీశాం. ఆ అచ్చు కాగితం సాక్ష్యంగా చెల్లదు. అది మనందరికీ తెలిసిందే. కాని అది దారి చూపింది. వోచరు నంబరు, తేదీ పట్టుకుని వెతికితే అసలు కాగితాలు దొరికాయి. పదకొండు నెలల్లో తొమ్మిది నెలల చందా వడ్డీతో సహా జమ అయింది. మిగతా రెండు నెలల వోచరు నంబర్లు ఆయన కూడా ఎక్కించలేదు. అవి దొరకనే లేదు. మొత్తం పని పూర్తయ్యేసరికి ఏడు నెలలు పట్టింది. పెండ్లి అప్పు చేసి చేశారు, డబ్బు వచ్చాక అప్పు తీర్చారు. డబ్బు అందిన రోజు నేను వదినెకు వరండా సంగతి చెప్పాను. "నాకు ఎరుకే తమ్మీ. మీ అన్న అప్పుడే చెప్పిండు" అన్నది. ఇంకేమీ అనలేదు.

ఇవాళ

ఆ తర్వాత చూస్తుండగానే కాలం మారిపోయింది. జాతీయ సమాచార కేంద్రం 1980ల చివరి నుంచే ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలుపుతూ వచ్చింది. 1998లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు "కార్డ్" పథకంతో కంప్యూటర్లు వచ్చాయి. 2014 నవంబరు నుంచి "జీవన్ ప్రమాణ్" పద్ధతిలో వేలిముద్రతో మనం బతికే ఉన్నామని నిరూపించుకునే వీలు కలిగింది. ఇప్పుడు తీగెలే కనబడవు. గాలిలోనే అంతా పోతున్నది. కాని విదేశాల్లో పాత యంత్రాలను ప్రేమగా బాగుచేసుకునే వాళ్ళు, వాటిలోని పాత ఫ్లాపీలను బయటికి తీయడానికి ఇప్పటికీ అవే తీగెలు, అదే మార్పిడితో చేసుకుంటున్నారు. నోరు చెవికి కలపడమనే సూత్రం మారలేదు.

ఆ బి.బి.సి. యంత్రం తర్వాత వేలంలో తుక్కు కింద పోయింది. తీగె మాత్రం నా దగ్గర ట్రంకు పెట్టెలో, నా సర్వీసు కాగితాల పక్కన ఉంది. కుంకుమ బొట్టు ఎప్పుడో రాలిపోయింది.

మిత్రులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఆయన లెక్క రాసిపెట్టారు గాని, అది ఎలా తీయాలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మనలో చాలామంది ఇవాళ అదే చేస్తున్నాం. బ్యాంకు పాసుబుక్కులు, పి.పి.ఓ., పాలసీలు అన్నీ ఫోనులో ఉన్నాయని నిశ్చింతగా ఉంటున్నాం. ఫోను తాళం మన ఒక్కరికే తెలుసు. దయచేసి పి.పి.ఓ. నకళ్ళు రెండు తీసి వేర్వేరు చోట్ల పెట్టండి. కుటుంబ పెన్షనుకు భార్య లేదా భర్త పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ఏది ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి ఇంటివాళ్ళకు చూపించండి. ఆ కాగితాన్ని వరండాలో మాత్రం పెట్టకండి.

అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని వేములవాడ రాజన్నను ప్రార్థిస్తూ, సెలవు.